మరామతువేళ ఊరకున్నవారు

చెరువునకు మరామతు చేయవలెనన్న తూము మూయవలెను. సత్రమునకు సున్నము వేయవలెనన్న బసచేసినవారిని కొంతసేపు వెలుపలికి పంపవలెను. ఈ రెండును మనమెరిగిన సంగతులే. అయితే తూమున నీరు పారుచున్నదో లేదో కంటికి కనబడును. సత్రములో తలుపు మూసికొనియున్న బాటసారి నిద్రించుచున్నాడో, వ్రాతపనిలో మునిగియున్నాడో, తాళము వేసికొని ఊరు విడిచి పోయినాడో వెలుపలివారికి తెలియదు. నేడు నేను ప్రసంగింపబోవునది ఈ రెండవ చిక్కును గురించి. ఇచట సత్రమనగా డేటాబేసు. బాటసారులనగా దానికి తగులుకొనియున్న కనెక్షనులు. ఆ సత్రమునకు మరామతు చేయవలసివచ్చినప్పుడు, మాటయు పలుకు లేక ఊరకున్నవారిని ఏమి చేయవలెనన్న ప్రశ్నకు అరువదియేండ్లకు మించిన చరిత్ర గలదు.

డేటాబేసనగా నేమో ముందు రెండు మాటలలో చెప్పెదను. బ్యాంకులో మన ఖాతా, ఆసుపత్రిలో మన రోగచరిత్ర, రైలులో మన పడక, వీని వివరములన్నియు ఒక క్రమమున వ్రాసి యుంచిన దప్తరమే డేటాబేసు. ఆ దప్తరమును కాచుచుండు యంత్రమునకు సర్వరని పేరు. గుమాస్తాయొక్క కంప్యూటరు సర్వరుతో మాటలాడుటకై తెరచి యుంచుకొన్న దారియే కనెక్షను. గుమాస్తా ప్రశ్న అడిగిన క్షణమున ఆ దారి పనిచేయును; తక్కిన సమయమంతయు ఊరకుండును. దప్తరమునకు కూడ అప్పుడప్పుడు మరామతు తప్పదు. చెత్త యూడ్వవలెను, పట్టికల రూపము మార్పవలెను, కొత్త ప్రతిని ఎక్కింపవలెను. దీనిని ఉపేక్షించినచో దప్తరము మెల్లమెల్లగా మందగించి, కడపట ఒకనాడు నిలిచిపోవును. నిలిచిపోయిన దినమున కష్టపడువాడు యంత్రమును కాచువాడు గాదు. ఆసుపత్రి కిటికీయొద్ద వరుసలో నిలుచున్నవాడు.

ఈ కథ మొదలు ఎచట? 1950వ దశాబ్దమున కంప్యూటరునకు ఎదుట ఎవరును కూర్చుండువారు కారు. పనులను అట్టల కట్టలుగా గట్టి యంత్రశాలలో నిచ్చి, మరునాడు ఫలితము తెచ్చుకొనువారు. కావున ఊరకున్న మనిషి యనువాడే లేడు. యంత్రము వెల లక్షలలో నుండుటచే, మనిషి ఎదురుచూచినను యంత్రము ఊరకుండరాదనునదే నాటి న్యాయము. 1959లో మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమున జాన్ మెకార్తీయు, ఇంగ్లండున క్రిస్టఫర్ స్ట్రేచీయు వేర్వేరుగా ఒక కొత్త తలంపును వెల్లడించిరి. ఇరువురి తలంపులు సరిగా ఒకటే కాకపోయినను, ఒక యంత్రమును పలువురు ఒకేసారి పంచుకొనవచ్చుననునది రెండింటికిని మూలము. 1961 నవంబరులో ఫెర్నాండో కోర్బటో బృందము ఆ విద్యాలయముననే ఇట్టి వ్యవస్థను పనిచేయించి చూపిరి. దాని పేరు సి.టి.ఎస్.ఎస్.

ఈ పంపకమునకు ఆధారమేది? మనిషి నిదానమే! మనిషి ఒక పంక్తిని కొట్టి, దానిని చూచి, ఆలోచించి, మరియొక పంక్తిని కొట్టును. ఆ నడుమ యంత్రమునకు వేలకొలది పనులు చేయ నవకాశము దొరకును. ఒకడు ఊరకున్న క్షణమును మరియొకనికి ఇచ్చుటయే కాలము పంచుకొనుటలోని రహస్యము. అనగా మౌనముగా నున్న వినియోగదారుడు ఈ విద్యకు మొదట తప్పుగా గాక, పెట్టుబడిగానే వచ్చినాడు. ఈ మాటను శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాను. తరువాతి కథయంతయు ఆ పెట్టుబడి అప్పుగా మారిన విధమే.

ఏలయన, ఊరకున్నవాడు కాలమును వదలినను చోటును వదలడు. సి.టి.ఎస్.ఎస్. ఒకేసారి సుమారు ముప్పదిమందికి మాత్రమే చోటీయగలిగెను. ముప్పదియొకటవవాడు వచ్చినచో? అందుచేత కొందరిని నికరమైన హక్కు గలవారుగాను, కొందరిని ఖాళీ యున్నంతవరకు కూర్చుండదగినవారుగాను విభజించిరి. హక్కుగలవాడు వచ్చినప్పుడు రెండవ తరగతివాడు లేవవలెను. 1965లో ఆరంభమైన మల్టిక్స్ అను తరువాతి వ్యవస్థలోను ఇట్టి ఏర్పాటే యుండెను. అందు కొత్తగా వచ్చినవానికి కొంత గడువు వరకు లేవనెత్తరాదను రక్షణ కూడ కల్పించిరి. మన విందులలో పంక్తి నిండినప్పుడు ఇంటివారు లేచి బంధువులకు చోటిచ్చుట వంటిదే ఇది. అయితే చేయి కడిగికొని విస్తరిముందు కూర్చున్నవానిని వెంటనే లేపుట మర్యాద కాదుగదా!

1970వ దశాబ్దమున యూనిక్స్ అను వ్యవస్థ విశ్వవిద్యాలయములలో వ్యాపించెను. కాలిఫోర్నియాలోని బర్క్‌లీవారు దానికి చేసిన చేర్పులలో యంత్రమును ఆపుటకైన ఆజ్ఞ యొకటి గలదు. దాని మర్యాద గమనింపదగినది. ఫలానివేళకు యంత్రము ఆగునని అది లోపలనున్న వారందరి తెరలపైని చాటింపు వేయును. వేళ సమీపించుకొలది ఆ చాటింపును మరింత తరచుగా వేయును. ఐదు నిమిషములున్నదనగా కొత్తవారెవరును ప్రవేశింపకుండ వాకిలి మూయును. కడపట లోనివారిని మొదట నెమ్మదిగా పొమ్మని, పోకున్నచో బలవంతముగా పంపును. చాటింపు, వాకిలి, మందలింపు, తొలగింపు అను నాలుగు మెట్లు ఇందు కనబడుచున్నవి. తరువాతి కాలపు డేటాబేసులలో వచ్చిన ఉపాయములలో పెక్కు ఈ నాలుగింటికే మెరుగులని నా యభిప్రాయము.

ఇక డేటాబేసు సంగతి. 1970లో ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గర్ కోడ్ సమాచారమును పట్టికల రూపమున నిలుపు సిద్ధాంతమును ప్రకటించెను. దానిని పనిచేయించి చూపుటకై ఆ సంస్థ శాన్ హోసేలో పూనుకొన్న ప్రయత్నమున జిమ్ గ్రే మొదలైనవారు ట్రాన్సాక్షనను భావమునకు గట్టి రూపమిచ్చిరి. ఒకరి ఖాతానుండి నూరు రూపాయలు తీసి మరియొకరి ఖాతాలో వేయునప్పుడు రెండును జరుగవలెను, లేదా రెండును జరుగకుండవలెను. నడుమ ఆగరాదు. ఆ రెండు చేతలును ముగియువరకు ఇతరులు ఆ పద్దులను ముట్టకుండ తాళము వేయుదురు. 1976లో గ్రే, ఆయన సహచరులు ఈ తాళముల శాస్త్రమును వివరించి ప్రకటించిరి.

ఇచట మన కథ మలుపు తిరుగుచున్నది. అంతకు ముందు మౌనము ఒకటే విధము. ట్రాన్సాక్షను వచ్చిన పిమ్మట మౌనము రెండు విధములయ్యెను. పని ముగించి, చేతులు కట్టుకొని, తరువాతి పనికై వేచియున్నవాని మౌనమొకటి. పని సగముచేసి, తాళపుచెవి జేబులో వేసికొని, కాఫీ త్రాగుటకు పోయినవాని మౌనము రెండవది. మొదటివాడు కొంత చోటు మాత్రమే ఆక్రమించును. రెండవవాడు దప్తరములోని ఒక గదినే బంధించి యుంచును. పోస్ట్‌గ్రెస్ అను ప్రసిద్ధ డేటాబేసులో ఎవరెవరు ఉన్నారో చూపు జాబితాలో ఈ రెండు స్థితులకు రెండు వేర్వేరు పేర్లు గలవు. ఊరకున్నవాడని ఒకటి, ట్రాన్సాక్షను నడుమ ఊరకున్నవాడని రెండవది. ఆ స్థితిలోనికి ఎప్పుడు వచ్చినాడో ఆ వేళ కూడ ఆ జాబితాలో నుండును. ఈ రెండు పేర్ల భేదము నెరుగనివాడు మరామతుకు పూనుకొనరాదు.

తాళములవలన కలుగు నిరీక్షణను తగ్గించుటకు మరియొక మార్గము కనిపెట్టిరి. 1978లో డేవిడ్ రీడ్ తన పరిశోధన గ్రంథమున, పాతదానిని తుడిచివేయక, ప్రతి మార్పునకును కొత్త ప్రతిని వ్రాయుచుండు పద్ధతిని వివరించెను. చదువువాడు తన వేళకు తగిన ప్రతిని చదువుకొనును, వ్రాయువాడు కొత్త ప్రతిని వ్రాసికొనును, ఒకరికొకరు అడ్డురారు. 1986లో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున ఆరంభమైన పోస్ట్‌గ్రెస్ కూడ పాత ప్రతులను నిలిపియుంచు మార్గమునే పట్టెను. దాని సంతతియైన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, 1999లో వెలువడిన 6.5వ కూర్పున నేటి బహుప్రతుల పద్ధతిని స్వీకరించెను.

కాని పాత ప్రతులు పోగుపడినచో ఊడ్చువారెవరు? అందుకై వాక్యూమ్ అను పని ఏర్పడెను. మొదట ఈ ఊడ్పు జరుగునంతసేపును ఆ పట్టికను మరెవరును ముట్టరాదు. 2002లో వెలువడిన 7.2వ కూర్పునుండి, జనము తిరుగుచుండగనే ఊడ్వవచ్చునను సౌకర్యము కలిగెను. 2005లో, అనగా 8.1వ కూర్పున, ఊడ్పు తనంతట తానే జరుగు ఏర్పాటు వ్యవస్థలో చేరెను. ఇంతటితో మరామతు చిక్కు తీరినట్లే యని తోచును. కాని తీరలేదు. ఊడ్చువాడు ఎవరికిని అక్కరలేని ప్రతులను మాత్రమే ఊడ్వవలెను. ఒకడు ప్రొద్దున ఏదో యొక మార్పు చేసి, దానిని ముగింపక ఊరకున్నాడనుకొందము. వాని కాలమున బ్రతికియుండి, ఆ పిమ్మట పాతబడిన ప్రతులు వానికి కావలసివచ్చునేమో యని ఊడ్చువాడు వానిని తాకడు. ఒక్కని మౌనముచేత దప్తరమంతటి చెత్తయు నిలిచిపోవును!

దీనికి మరియొక భయంకరమైన పార్శ్వము గలదు. పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షనులకు వరుస సంఖ్యలు ఇత్తురు. ఆ సంఖ్యకు 32 బిట్ల చోటు మాత్రమే యుండుటచే మొత్తము సంఖ్యలు సుమారు 429 కోట్లు. గడియారపు ముల్లువలె అవి తిరిగి మొదటికి వచ్చును గనుక, ఏవేళకైనను అందు సగము, అనగా సుమారు 214 కోట్లు మాత్రమే గతముగా లెక్కింపబడును. పాత ప్రతులపైన, ఇవి అందరికిని పాతవియేయని ముద్రవేయుట కూడ ఊడ్చువాని పనియే. ఆ పని వెనుకబడినచో, గతము భవిష్యత్తుగా కనబడు ప్రమాదమును తప్పించుటకై వ్యవస్థ కొత్త సంఖ్యల నీయ నిరాకరించును. అంతటితో వ్రాతపని ఆగిపోవును. 2015లో సెంట్రీ అను సంస్థయు, 2019లో మాండ్రిల్ అను ఉత్తరముల బట్వాడా సేవయు ఈ గండమున చిక్కి నిలిచిపోయినవి. ఆ సంగతిని వారే బహిరంగముగా వ్రాసి ప్రకటించిరి. వానికి ఊరకున్న కనెక్షనే కారణమని నేననను. ఊడ్పు వెనుకబడుట కారణము. కాని ఊడ్పును వెనుకకు లాగు చేతులలో ముగింపని ట్రాన్సాక్షను చేయి ఒకటి యని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును.

మరియొక చిక్కు తరచుగా కనబడునది. ఒక కార్యాలయమున నేను కన్న సంగతి చెప్పెదను. రాత్రి పదిగంటలకు ఒక పట్టికకు కొత్త గడిని చేర్పవలెను. క్షణములో ముగియదగిన పని. ఆజ్ఞ ఇచ్చిరి, కదలలేదు. రెండు నిమిషములలో కార్యాలయమంతటను తెరలు నిలిచిపోయినవి. కారణము విచారింపగా, ఆ సాయంకాలము ఒక ఉద్యోగి ఆ పట్టికను చదువుటకై ట్రాన్సాక్షనును తెరచి, మూయకయే ఇంటికి పోయినాడు. చదువువాని తాళము మిక్కిలి తేలికైనది. తోడి చదువరులకు అడ్డురాదు. కాని పట్టిక రూపమును మార్చువానికి సంపూర్ణమైన తాళము కావలెను గనుక అతడు వేచియుండెను. అతని వెనుక వచ్చిన వారందరును అతని వెనుకనే వరుసలో నిలిచిరి. చూచితిరా! ఊరకున్నవాడు ఒంటరిగా నున్నంతవరకు ఎవరికిని కష్టము లేదు. మరామతువాడు వచ్చి ప్రక్కన నిలిచిన క్షణమున ఇద్దరును కలిసి గోడయైరి. అందుచేతనే, ఇంతకాలముకంటె ఎక్కువ తాళమునకై వేచియుండక వెనుదిరుగుమని మరామతువానికే గడువు విధించు ఏర్పాటు 2013లో, 9.3వ కూర్పున వచ్చినది. మొదట సంయమము మరామతువానికి. తరువాతనే దండన ఇతరులకు. ఇది మంచి న్యాయమని తలంచుచున్నాను.

ఇక సర్వరునే ఆపవలసినప్పుడు ఏమి చేయవలెను? ఆరకిల్ అను డేటాబేసులో ఆపుటకు నాలుగు తీరులు గలవు. అందరును తమంతట తాము పోవువరకు వేచియుండుట మొదటిది. చేతిలోని ట్రాన్సాక్షను ముగియనిచ్చి పంపుట రెండవది. ముగియనివానిని రద్దుచేసి వెంటనే పంపుట మూడవది. ఏమియు చూడక ఆపివేయుట నాలుగవది. పోస్ట్‌గ్రెస్‌లో ఇట్టివి మూడు. మొదటి తీరు మిక్కిలి సౌమ్యమైనది గాని, ఊరకున్నవాడొక్కడు కదలకున్నచో అది ఎన్నటికిని ముగియదు. పోస్ట్‌గ్రెస్‌ను ఆపుటకు వాడు సాధనమున, ఏ తీరని చెప్పనప్పుడు, చిరకాలము ఈ సౌమ్యమార్గమే అమలులో నుండెను. 2016 జనవరిలో వెలువడిన 9.5వ కూర్పున దానిని మార్చి, ఉన్నవారిని తొలగించి ఆపు తీరునే సామాన్య నియమముగా చేసిరి. చూచుటకు చిన్న మార్పు. కాని వేచియుండవలసిన భారము మరామతువానినుండి ఊరకున్నవానికి మారిన ఘట్టమది.

అదే సంవత్సరము 9.6వ కూర్పున, ట్రాన్సాక్షను నడుమ ఊరకున్నవానికి గడువు విధించు ఏర్పాటు వచ్చినది. 2021లో, 14వ కూర్పున, ట్రాన్సాక్షను లేక ఊరకున్నవానికి కూడ గడువు విధింపవచ్చునన్నారు. 2024లో 17వ కూర్పున ట్రాన్సాక్షను మొత్తమునకే గడువు పెట్టు వీలు కలిగెను. ఈ మూడు గడువులును, యజమాని కోరి పెట్టినగాని, తమంతట తాము పనిచేయవు. మై ఎస్‌క్యూఎల్ అను డేటాబేసు ఈ విషయమున వేరుదారి పట్టినది. అందు ఊరకున్న కనెక్షనునకు 28,800 సెకండ్లు, అనగా ఎనిమిది గంటలు, ముందుగనే గడువు వ్రాయబడియుండును.

ఊరకున్నవారిలో మూడవ తెగ యొకటి గలదు. వారు ఊరకున్నవారు కారు, లేనివారు! గుమాస్తా కంప్యూటరు కరెంటు పోయి ఆగిపోయినను, తీగ తెగినను, సర్వరునకు ఆ సంగతి తెలియదు. దారి ఇంకను తెరచియున్నదనియే తలంచును. ఉన్నావా యని అప్పుడప్పుడు పలుకరించు పద్ధతిని గురించి 1989లో ఇంటర్నెట్టు నియమములలో వ్రాసిరి. కాని ఆ పలుకరింపునకు ముందు సామాన్యముగా రెండు గంటలకు తక్కువ కాకుండ వేచియుండవలెనని విధించిరి. మరామతు చేయువాడు అంతసేపు ఆగలేడు గనుక, ఆ గడువును తగ్గించుకొనుట అనుభవజ్ఞులకు వాడుక.

ఇంతవరకు చెప్పినది తొలగింపు చరిత్ర. తొలగింపక పని జరుపుకొను ఉపాయము కూడ ఒకటి గలదు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనునకును ఒక ప్రత్యేక ప్రక్రియ ఏర్పడును. సామాన్యముగా నూరు కనెక్షనులకు చోటుండగా, అందు మూడు యజమానికై విడిచియుంచుదురు. వేలమంది వచ్చినచో ఇది చాలదు. స్కైప్ సంస్థలో రూపొంది, 2007లో లోకమునకు వచ్చిన పీజీబౌన్సర్ అనునది వాకిలియొద్ద కూర్చుండు ద్వారపాలకుని వంటిది. వెలుపల వేలమంది దానితో మాటలాడుచుందురు. లోపల అది కొలది కనెక్షనులనే వాడుచుండును. మరామతువేళ దానికి ఆగుమని ఆజ్ఞయిచ్చినచో, చేతిలోని పని ముగియనిచ్చి, లోపలి కనెక్షనులను మూసి, వెలుపలివారిని పొమ్మనక, ఉండుమని మాత్రము చెప్పును. పని కొలది క్షణములలో ముగిసినచో, వెలుపలివానికి నేడు జవాబు కొంచెము ఆలస్యమైనదని తప్ప మరేమియు తెలియదు.

మన దేశమున సామాన్యప్రజలకు ఈ విషయము ముఖ్యముగా రైలు టికెట్టు కిటికీయొద్ద పరిచయమైనది. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను ఆరంభమయ్యెను. రైల్వేవారి క్రిస్ సంస్థ సిద్ధముచేసిన కాన్సర్ట్ అను వ్యవస్థ మొట్టమొదట అమలైన ఊరు మన సికిందరాబాదే, అది 1994లో. 1999 నాటికి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, చెన్నపట్టణము, సికిందరాబాదు కేంద్రములు ఐదును ఒక వలగా నేర్పడెను. ఇంటనుండి టికెట్టు కొనువారు ఎరుగుదురు: అర్ధరాత్రివేళ కొలది నిమిషములు టికెట్టు దొరకదు. దినపు లెక్క ముగించి, మరునాటి లెక్క తెరచు వేళ యది. వేళ నియతమైనది, అందరికిని తెలిసినది గనుక, ఎవరును దానిని అన్యాయమనరు. చెప్పకయే అంతే కాలము ఆపినచో కోలాహలము పుట్టును.

కావున ఈ చరిత్రనుండి నేను గ్రహించిన క్రమమును చెప్పెదను. ముందుగా వేళ ప్రకటింపవలెను. పిమ్మట కొత్తవారు రాకుండ వాకిలి మూయవలెను. ఈ మెట్టు మరచినచో, ఒక ప్రక్క తొలగించుచుండగా మరియొక ప్రక్క ప్రోగ్రాములు తామే మరల వచ్చి కూర్చుండును. తరువాత జాబితా చూచి, పని ముగించి ఊరకున్నవారిని, పని నడుమ ఊరకున్నవారిని, లేనివారిని వేరుపరుపవలెను. మొదటివారిని నిశ్చింతగా పంపవచ్చును. వారికి పోవునది ఏమియు లేదు. లేనివారి సంగతి చెప్పనేయక్కరలేదు. అయినను వారు వదలిపోయిన తాళమేదైన నున్నదేమో చూచుకొనవలెను. నడుమనున్నవారిని గూర్చియే విచారణ. వారిని తొలగించినచో వారి సగము పని రద్దగును. రద్దగుట దప్తరమునకు హాని కాదు. గ్రే మొదలైనవారు ట్రాన్సాక్షనును నిర్మించినదే అట్టి రద్దు నిర్భయముగా జరుగుటకు. కాని ఆ సగము పని ఒక మనిషి రెండు గంటల శ్రమ కావచ్చును. అతని పేరు జాబితాలో నుండగా, ఒకమారు పిలిచి అడుగుటకు పట్టుకాలము ఒక నిమిషము.

యంత్రము గడువును కొలువగలదు, మౌనమును కొలువగలదు. ఆ మౌనము వెనుక నున్నది ఆలోచనయో, మరపో, మరణమో అది తెలిసికొనలేదు. అరువదియేండ్లుగా కనిపెట్టిన గడువులన్నియు ఆ తెలియమికి తగిన జాగ్రత్తలే. గడువు ఎంత పెట్టవలెనన్నది యంత్రశాస్త్రము నిర్ణయింపదు. ఆ దప్తరమును వాడువారి పని నెరిగినవారే నిర్ణయింపవలెను. ఆసుపత్రిలో వైద్యుడు రోగిని చూచి వచ్చుటకు పట్టు కాలమొకటి. బ్యాంకు గుమాస్తా నోట్లు లెక్కించుటకు పట్టు కాలము వేరొకటి. అందుచేత సంఖ్యను వ్రాయుటకు ముందు ఆ వైద్యునియొద్దకును ఆ గుమాస్తాయొద్దకును పోయి, వారి పనిని ఒకపూట చూచి రావలెనని ఈ యుద్యోగమున క్రొత్తగా చేరిన యువకులకు నా మనవి.